కదలని 4.2

మార్చి 3, సోమవారం

పొద్దున్నే పచ్చ సారు వచ్చి నా సీటు పక్కన నిలబడ్డాడు. మా మందుల డిపోకి ఆయనే మేనేజరు. తెర మీద అన్నీ పచ్చగా ఉంటే తప్ప ఆయనకు అన్నం సహించదు, అందుకని ఆ పేరు పెట్టాను. ఈ డైరీలో తప్ప ఇంకెక్కడా అనను. కోల్డ్ రూము తెర మీద అంకె ఇంకొంచెం పెద్దగా కనబడాలట. పోయిన నెల ఇంకొంచెం చిన్నగా ఉండాలన్నది కూడా ఈయనే.

"చిన్న పనే కదమ్మా. లేబులేగా" అన్నాడు.

లేబులేగా! ఆ తెర మీద అలాంటి అక్షరాల డబ్బాలు నలభై ఉన్నాయి. నిమిషానికోసారి సెన్సారు పంపిన అంకెను అందుకోవాలి, డబ్బాలో పాతది చెరిపి కొత్తది రాయాలి, పక్కన టైము మార్చాలి. ఎనిమిది డిగ్రీలు దాటితే ఎరుపు, రెండుకు దిగితే నీలం, మధ్యలో ఉంటే సారుగారి పచ్చ. ఇదంతా నేను రాసిన చిన్న ప్రోగ్రాము, నా స్క్రిప్టు, చేస్తుంది. ఈ భవనంలో నూట పది మంది ఉన్నారు, అందులో తిన్న జీతానికి పనిచేసేది ఆ స్క్రిప్టొక్కటే.

అంకె పెద్దది చేశాను. నలభై సెకన్లు పట్టింది. సాయంత్రం దాకా పట్టిందని చెప్పాను.

మార్చి 6, గురువారం

ఏప్రిల్ నుంచి కోల్డ్ రూములో నోటుపుస్తకం రాయనక్కర్లేదని సర్క్యులర్ వచ్చింది. నేను పంపిన నోట్ మీదే వచ్చింది. "తెర ఉండగా చేత్తో రాసే రిజిస్టరు అనవసరం" అని రెండు నెలల క్రితమే రాసిచ్చాను.

పాదరసం ముఖం చూడాలి! కోల్డ్ రూము స్టోర్‌కీపరుకి అది నేను పెట్టిన పేరే. గోడకి ఓ గాజు థర్మామీటరు తగిలించుకుని, గంటకోసారి కళ్ళజోడు పైకి తోసి దాన్ని చూసి పుస్తకంలో అంకె వేస్తాడు. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. నా తెరకీ ఆయన గాజుకీ తేడా వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే ఏమిటో ఈయన్ని చూశాకే నాకు అర్థమైంది.

"పుస్తకం ఉంటే ఎవరికేం నష్టమమ్మా?" అని అడిగాడు.

"తప్పు అంకెలు రెండు చోట్ల ఉండటం నష్టమండీ" అన్నాను.

"రెండు చోట్లా తప్పుంటుందా?"

ఇలాంటి ప్రశ్నలకి నేను జవాబు చెప్పను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

మార్చి 8, శనివారం

నాకు సెలవు. మూడింటికి, నాలుగింటికి, అయిదింటికి పాదరసం ఫోన్లు. ఎత్తలేదు. సెలవు రోజు కూడా ఈయనతో వేగాలా?

మార్చి 10, సోమవారం

గందరగోళం.

ఎనిమిదిన్నరకి పాదరసం కోల్డ్ రూము తెరిచి, గాజులో పందొమ్మిది డిగ్రీలుందని గోల చేశాడట. నా తెర మీద 4.2 ఉంది. తొమ్మిది నలభైకి ఎలక్ట్రీషియన్ వచ్చి, కరెంటు గది తాళం తీయించి, పడిపోయిన స్విచ్చి ఎత్తాడు. గదిని చల్లబరిచే మిషను మొదలైంది. ఆ నిమిషంలోనే నా లేబుల్ 4.2 నుంచి 19.1కి దూకి ఎర్రగా అయింది.

లోపలున్నది ఇన్సులిన్. ఇంకా ఏవేవో సూదిమందులు. మొత్తం పారబోయాలన్నారు.

సారు గంటలో తేల్చేశాడు. పుస్తకం తీసేస్తున్నారన్న అక్కసుతో పాదరసం పొద్దున తలుపులు బార్లా తీసి పెట్టాడట. దాంతో మిషను మీద బరువు పడి స్విచ్చి పడిపోయిందట. తెర తప్పని చూపించడానికి శనివారం నుంచి దొంగ అంకెలు వేశాడట. పుస్తకంలో శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరు దాకా ఉన్నాయి: 5, 6, 8, 9, 10, 11. ఆదివారం డిపో మూసుంటుంది.

"శనివారం మీక్కూడా ఫోన్ చేశాను కదండీ" అన్నాడు పాదరసం సారుతో.

"చేశావయ్యా. ఎప్పట్లాగే సణిగావు. నేను ఫోన్లో తెర చూశాను. నాలుగు పాయింట్ రెండు. పచ్చగా ఉంది."

పాదరసాన్ని అప్పటికప్పుడే పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ కమిటీ వస్తుందట. ఉద్యోగం ఊడటంతో పోయేది కాదు, రికార్డు తప్పుగా రాశాడని కేసు కూడా పెడతామంటున్నారు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన చెంచా పక్కన పెట్టి ఆలోచించాడు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. సైన్సు ఎనిమిదో తరగతిలోనే వదిలేశాడు.

"ఒక్క నిమిషంలో నాలుగు నుంచి పందొమ్మిదికా? బయట పెట్టిన ఐస్‌క్రీమ్ కరగడానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది కదే" అన్నాడు.

"నీకు తెలియని వాటిల్లో దూరకు" అన్నాను.

మార్చి 11, మంగళవారం

కోడ్ చూడాల్సిన అవసరం లేదు. రాసింది నేనే కదా.

మార్చి 12, బుధవారం

చూశాను.

మార్చి 13, గురువారం

ఇది నా తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఎలా జరిగిందో అలాగే రాసుకుంటాను.

పోయినేడు జనవరిలో పెద్దాఫీసు నుంచి ఎవరో చూడ్డానికొచ్చారు. ఆ సమయానికే సెన్సారు ఒకసారి పలకలేదు. అప్పట్లో అది పలకకపోతే లేబుల్లో అంకెకి బదులు నాలుగు గీతలు వచ్చేవి. వచ్చినవాళ్ళ ముందు తల కొట్టేసినట్టయిందని సారు మర్నాడు నా మీద ఎగిరాడు. "ఆ గీతలు మళ్ళీ కనబడకూడదు. ఎప్పుడు చూసినా అంకె ఉండాలి" అన్నాడు.

సరే అనుకుని మూడు వరుసలు రాశాను. సెన్సారు పలకకపోతే, లేబుల్లో అప్పటికే ఉన్న టెక్స్టు చదువు. దాన్నే మళ్ళీ లేబుల్లో రాయి. టైము మాత్రం కొత్తది వెయ్యి.

ఒకటి రెండు నిమిషాల తడబాటు కోసం రాసిన వరుసలవి. అంతకు మించి పలకకపోతే ఏం చేయాలో రాయలేదు. ఎందుకు రాయలేదంటే, ఆ రోజు నాకు చిరాకుగా ఉంది. పైగా అంత చిన్న పనికి అంత ఆలోచన అక్కర్లేదనుకున్నాను. లేబులేగా!

రికార్డులోకి వెళ్ళే అంకెను కూడా సెన్సారు నుంచి కాకుండా లేబుల్లోంచే తీశాను. అది దగ్గరగా ఉంది కాబట్టి.

ఇవాళ ఎలక్ట్రీషియన్‌ని ఊరికే అడిగినట్టు అడిగాను. చల్లబరిచే మిషనుకీ సెన్సారుకీ స్విచ్చి ఒకటే. అంటే మిషను ఆగిపోయిన ప్రతిసారీ సెన్సారుకీ నోరు పడిపోతుంది. సరిగ్గా అప్పుడే నా లేబుల్ తనలో ఉన్నది తానే చదువుకుని తానే రాసుకుంటూ కూర్చుంటుంది. టైము మారుతూ, రంగు పచ్చగా, శనివారం ఒంటిగంట నుంచి సోమవారం తొమ్మిది నలభై దాకా.

స్విచ్చి ఒకటే అని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మార్చి 14, శుక్రవారం

ఆ మూడు వరుసలు తీసేశాను. సెన్సారు వైరు పీకి చూస్తే నాలుగు గీతలు వచ్చాయి. వైరు మళ్ళీ పెట్టేశాను. ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. ఇకముందు జరగదు కదా, అది చాలు.

పాదరసం అయినా తక్కువవాడేం కాదు. ప్రతి చిన్నదానికీ ఫోన్ చేస్తే నిజంగా అవసరమైన ఫోన్ ఎవరెత్తుతారు?

మార్చి 15, శనివారం

మా ఆయన అడిగాడు: "ఏమైంది, దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నావు?"

తలనొప్పి అన్నాను. తలనొప్పి నిజంగానే ఉంది.

మార్చి 17, సోమవారం

పాదరసం స్టోరు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానివ్వట్లేదు. విచారణ అయ్యేదాకా రోజూ వచ్చి సంతకం పెట్టి అక్కడే కూర్చోవాలట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేయడానికేమీ లేక చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

పక్కనుంచి వెళ్ళిపోదామనుకున్నాను. లేచి నిలబడ్డాడు.

"రేపు విచారణకి మీరూ వస్తున్నారటమ్మా."

"పిలిచారు."

"మీ మిషను తప్పని నేనెప్పుడూ అనలేదమ్మా. నా అంకె తప్పు కాదన్నాను, అంతే. వాళ్ళు రెండూ ఒకటే అంటున్నారు."

నేను వాచీ చూసుకున్నాను.

"శనివారం సాయంత్రం పెట్టెలు కొన్ని చిన్న ఫ్రిజ్‌లో సర్దాను. పట్టినన్ని. అవి బాగానే ఉన్నాయి, చూడమనండి. మా ఇంట్లో ఇంకా చెప్పలేదు. రోజూ పనికి వెళ్తున్నాననే అనుకుంటోంది మా ఆవిడ."

ఇంత నంగిగా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. నాలుగు తిట్టొచ్చుగా. ఫోనెందుకు ఎత్తలేదని అడగొచ్చుగా. మూడు సార్లు చేశాడు, ఒక్క మాట అడగలేదు. ఇలాంటివాళ్ళని చూసే లోకం నెత్తినెక్కుతుంది. అవతలివాళ్ళ తప్పు కూడా తమ నెత్తినే వేయించుకునే రకం.

మెట్లెక్కుతూ ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేశాను. లిఫ్ట్ పనిచేయట్లేదు. అందుకే అయ్యుంటుంది.

మార్చి 18, మంగళవారం

విచారణ గదిలో పొడవాటి బల్ల ఉంది. ఒకవైపు సారు, పెద్దాఫీసు నుంచి వచ్చిన పెద్దాయన, రాసుకునే గుమాస్తా. ఇటువైపు పాదరసం. నన్ను రెండు వైపులకీ మధ్యలో, బల్ల చివర కూర్చోబెట్టారు.

నోరు మెదపకూడదని ఇంట్లోనే నిర్ణయించుకుని వెళ్ళాను. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అదీ నిజం. అడిగితే "స్క్రిప్టు ప్రస్తుతం సరిగ్గా పనిచేస్తోంది" అని చెప్పాలనుకున్నాను. అందులో అబద్ధం లేదు. శుక్రవారం నుంచి సరిగ్గానే పనిచేస్తోంది.

ముందుగా పెద్దాయన, పాదరసం రాసిన పుస్తకాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఇదేంటయ్యా, ఒక గంట అయిదు, ఒక గంట ఆరు, తర్వాత ఎనిమిది. స్థిరమే లేదు."

"వేడెక్కుతోంది కదండీ. అందుకే పెరిగింది" అన్నాడు పాదరసం.

"మామూలు రోజుల్లో కూడా అంతేగా. నాలుగు, నాలుగున్నర, నాలుగు. నీకెలా తోస్తే అలా వేస్తావా?"

ఆ తర్వాత నా రికార్డు ప్రింటు తీసి బల్ల మీద పరిచాడు. కాగితం తర్వాత కాగితం, పై నుంచి కింద దాకా 4.2, 4.2, 4.2. దాని మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు.

"చూడండి, రికార్డంటే ఇలా ఉండాలి. నలభై నాలుగు గంటలు! ఒక్క పాయింటు తేడా లేదు. మనిషి అబద్ధమాడతాడు గానీ కంప్యూటరు ఆడదు. ఎవరమ్మా ఇది చేసింది, నువ్వేనా? శభాష్."

సారు తల ఊపాడు. పచ్చగా నవ్వాడు.

నాలో ఏం తెగిందో తెలియదు. జాలి కాదు, పాదరసం వైపు నేను చూడను కూడా లేదు. ఇంత దద్దమ్మ నన్ను మెచ్చుకోవడం భరించలేకపోయాను. పొలంలో దిష్టిబొమ్మ కదలట్లేదని, ఎంత నిలకడైన మనిషో అని మెచ్చుకున్నట్టుంది.

"అందుకే అది తప్పు" అన్నాను.

"ఏంటమ్మా?"

"మనుషులు తలుపు తీస్తారు, వేస్తారు. మిషను ఆగుతుంది, తిరుగుతుంది. నిజమైన గది ఏదైనా పది నిమిషాలు ఒకే అంకె మీద నిలబడదు. ఆయన పుస్తకంలో అంకెలు ఊగుతున్నాయంటే ఆయన చూసి రాస్తున్నాడని అర్థం. నాది నలభై నాలుగు గంటలు కదల్లేదంటే, నాది ఏమీ చూడట్లేదని అర్థం. ఈ మాత్రం తెలియకుండా విచారణకెలా వచ్చారు?"

చివరి మాట అనకుండా ఉండాల్సింది. అనేశాను.

ఆ తర్వాత ఆపలేకపోయాను. మూడు వరుసలూ, స్విచ్చీ, లేబుల్లోంచి తీసిన రికార్డూ, శనివారం ఎత్తని మూడు ఫోన్లూ, శుక్రవారం గుట్టుగా తీసేసిన సంగతీ, అన్నీ చెప్పేశాను. గుమాస్తా రాయడం ఆపి నా ముఖం చూస్తుంటే, "రాయండి" అన్నాను.

గది బయట సారు నన్ను పట్టుకున్నాడు. ముఖం మీద నవ్వు లేదు. "నోరు మూసుకుని కూర్చుంటే నీ సొమ్మేం పోయేదమ్మా? అయిపోవచ్చింది కదా!"

"గీతలు కనబడకూడదన్నది మీరే సార్."

"నేను కనబడకూడదన్నాను. ఇలా చెయ్యమన్నానా?"

అదొక్కటీ ఆయన సరిగ్గానే అన్నాడు.

మార్చి 19, బుధవారం

పాదరసం మీద ఆరోపణ ఎత్తేశారు. నాకు నోటీసు ఇచ్చారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తర్వాత చెప్తారట.

ఆయన నా సీటు దగ్గరకి వస్తాడనీ, చేతులు జోడిస్తాడనీ, "అయ్యో దానికేముందిలెండి" అని తీసిపారేయాలనీ అనుకున్నాను. రాలేదు. కోల్డ్ రూములోకి వెళ్ళి, థర్మామీటరు తుడిచి, పుస్తకం తెరిచాడట.

రాకపోతే మంచిదే. ఎందుకు రావాలి? వచ్చుంటే, నేనా మాట అనుంటే, నా అంత సిగ్గులేనిది ఇంకొకతె ఉండేది కాదు.

మా ఆయన "భయమేసిందా?" అని అడిగాడు. వేసిందన్నాను. మొదటిసారి ఏ వెటకారమూ లేకుండా ఆయనకో జవాబు చెప్పాను. ఆయనే కంగారుపడ్డాడు.

మార్చి 21, శుక్రవారం

పద్నాలుగు నెలల రికార్డు వెతకమన్నారు. సోమవారంతో అయిపోయిందనుకున్న దద్దమ్మల్లో నేనూ ఉన్నాను. స్విచ్చి అంతకు ముందెన్నిసార్లు పడిందో ఎవరికి తెలుసు?

పాదరసమూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. వెతకడం తేలికే. నా రికార్డులో ఎక్కడ అంకె కదలకుండా ఉందో అక్కడ లేబుల్ తనని తాను రాసుకుంటోంది. అలాంటి చోట్లు అయిదు దొరికాయి. ఒక్కోటి కొన్ని గంటలు. ఎవరో స్విచ్చి ఎత్తేశారు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

నేను తేదీ చెప్తే ఆయన పుస్తకం తిప్పి చదివాడు.

"మే పదకొండు. తొమ్మిది, పది, పది. పెట్టెలు బయటికి పంపలేదు, పక్కన పెట్టాను. మేడమ్‌కి చెప్పాను. థర్మామీటరు మార్చుకోమన్నారు. మార్చాను. కొత్తదీ అదే చూపిస్తోంది."

మామూలు గొంతుతో, బస్టాండులో బస్సు వేళలు చదివినట్టు చదివాడు. నేను రాసుకున్నాను. నేనలా అన్నట్టు నాకు గుర్తు కూడా లేదు. ఎన్నిసార్లు అన్నానో ఏమో.

అలా నాలుగు చోట్ల ఆయన సరుకు ఆపేశాడు. ఆపినందుకు నాలుగుసార్లూ ఆలస్యం చేశాడని మెమో తీసుకున్నాడు. ఆ మెమోలు కూడా పుస్తకంలో మడతపెట్టి ఉన్నాయి.

"వీటిని విచారణలో చూపించలేదేం?" అని అడిగాను.

"మిమ్మల్ని పిలవకముందే చూపించానమ్మా. మెమోలు తిన్నవాడివి, నీ మాటేం నమ్ముతామన్నారు."

మార్చి 24, సోమవారం

అయిదోది ఆగస్టు పన్నెండు. సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున పదకొండు దాకా. పదిహేడు గంటలు, 4.1.

పుస్తకం చూద్దాం అన్నాను. ఆయన పేజీ తీసి, చదవకుండా నా వైపు తిప్పాడు.

ప్రతి గడిలోనూ 4.1.

"ఆ వారం నేను సెలవమ్మా. మా ఆవిడకి కంటి ఆపరేషన్. నా బదులు పక్క సెక్షన్ అతను రాశాడు."

"థర్మామీటరు చూసి రాశాడా?"

"తెర చూసి వేశాడట. ఇందాక అడిగాను. మేడమ్ తెర ఉంది కదా, గాజెందుకని..." అంటూ ఆగిపోయాడు. మిగతాది నాకు అర్థమైంది. ఆ మాట డిపో అంతా చెప్పి తిరిగింది నేనే.

ఆ పదిహేడు గంటలూ గది నాలుగు డిగ్రీల్లో ఉందో ఇరవైలో ఉందో ఇక ఎవరికీ తెలియదు. తెలుసుకునే మార్గం లేదు. పదమూడో తారీఖు మధ్యాహ్నం అందులోంచి నలభై ఒక్క పెట్టెలు బయటికెళ్ళాయి. ఆరు ఆసుపత్రులకి.

మార్చి 26, బుధవారం

ఆసుపత్రులకి ఉత్తరం పంపితే చాలన్నాడు సారు. "స్వల్ప సాంకేతిక అంతరాయం" అని తయారుచేసి కూడా పెట్టాడు. నేను ఫోన్ చేస్తానన్నాను. నీ ఇష్టం అన్నాడు. నాతో ఇప్పుడు ఎవరూ వాదించట్లేదు.

మొదటిచోట ఆ పెట్టెలు ఎప్పుడో వాడేశామన్నారు. రెండోచోట అదే మాట. మూడోచోట, రికార్డు వెతకడం తమ పని కాదని పెట్టేశారు. మళ్ళీ చేశాను. మళ్ళీ పెట్టేశారు.

నాలుగోది చిన్న ఆసుపత్రి. నర్సు ఎత్తింది. ఆగస్టులో పంపిన ఇన్సులిన్ పెట్టెల బ్యాచ్ నంబరు చెప్పాను. రాసుకుంది.

"ఆగస్టువా? ఆ నెల చివర్లో మా దగ్గర ఇద్దరికి షుగరు ఎంతకీ దిగలేదండీ. ఓ పెద్దావిడ, ఓ ఆటో డ్రైవరు. వేసుకుంటున్నామనే అన్నారు. మేమే నమ్మలేదు. మందు సరిగ్గా వేసుకోకుండా అబద్ధాలు చెప్తున్నారని అందరి ముందూ తిట్టి పంపేశాం. మందే పాడైందా?"

"అయ్యుండొచ్చు."

"ఎంత వేడిలో ఉందండీ?"

"తెలియదు."

"అదేంటండీ, మీ దగ్గర రాసి ఉండదా?"

"ఉంది. కానీ అది నిజం కాదు."

ఆ తర్వాత వాళ్ళకేమైందని అడిగాను. ఆటో ఆయన వేరే ఊరు మారాడంది. పెద్దావిడ మళ్ళీ రాలేదంది. తిట్టాక మళ్ళీ రాలేదు, అంతవరకే తెలుసంది.

వాళ్ళిద్దరి ఫోన్ నంబర్లు కావాలన్నాను. పాత రిజిస్టర్లు వెతకాలి, టైం పడుతుంది, రేపు చేయమంది. ఎంతసేపైనా లైన్లోనే ఉంటానన్నాను. ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్ళింది. అవతల కాగితాలు తిప్పుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.